మౌనస్వామి నోరు విప్పిన మధ్యాహ్నం

ఆ రోజు పొద్దున్న ఆరాలమ్మ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఇస్త్రీ బట్టలు వేసుకుని స్టూడియోకి వెళ్లాలి, కార్డులు యాంకరు చేతిలో పెట్టాలి, రికార్డింగు అయ్యేదాకా ఎవరి కాళ్లకూ అడ్డం పడకుండా ఒక మూల నిలబడాలి. అంతే. సాయంత్రానికల్లా ఉద్యోగం పర్మనెంటైపోతుంది.

"ఇవాళైనా తిన్నగా ఇంటికొచ్చి శుభవార్త చెప్పు," అంది వాళ్లమ్మ, కాఫీ గ్లాసు చేతికిస్తూ.

"చెప్తానమ్మా. ఇందులో తప్పడానికేం లేదు," అంది ఆరాలమ్మ. కొన్ని మాటలు అనకుండా ఉంటే మంచిది. కానీ ఆ సంగతి అన్నాకే తెలుస్తుంది.

ఆరాలమ్మ అన్నది కన్నవాళ్లు పెట్టిన పేరు కాదు. మాటలొచ్చిన నాటినుంచీ కనపడిన ప్రతివాళ్లనూ ఆరా తీయడం ఆ పిల్లకు అలవాటు. పక్కింటికి చుట్టం వస్తే ఎందుకొచ్చాడు, ఎన్నాళ్లుంటాడు, చొక్కా గుండీ ఎక్కడ ఊడింది, ఇవన్నీ తెలిస్తే తప్ప ముద్ద దిగేది కాదు. ఇరుగుపొరుగులు విసుక్కుంటూ పెట్టిన పేరు స్థిరపడిపోయింది. ఇలాంటి మనిషికి ఏ ఉద్యోగం దొరుకుతుందని ఇంట్లోవాళ్లు బెంగపెట్టుకున్నారు గానీ, గంతకు తగ్గ బొంత ఎక్కడో ఒకచోట ఉండనే ఉంటుంది. అది ఒక టీవీ చానల్లో, 'ఇంకా పడుకోలేదా?' అనే కార్యక్రమం రూపంలో దొరికింది.

అందరూ పడుకునే వేళకు ప్రసారమయ్యే ముచ్చట్ల కార్యక్రమం అది. యాంకరు ఒక బల్ల వెనక కూర్చుంటాడు, పక్క సోఫాలో అతిథి కూర్చుంటారు, ఇద్దరూ అప్పటికప్పుడు తోచినట్టు కబుర్లు చెప్పుకుంటారు. చూసేవాళ్లకు అలా కనిపిస్తుంది. అసలు జరిగేది వేరు. వారం ముందే ఒకరు అతిథికి ఫోన్ చేసి పుట్టుపూర్వోత్తరాలన్నీ కూపీ లాగుతారు. వాటిలో నవ్వొచ్చేవి ఏరి కార్డులమీద రాస్తారు. యాంకరు ఆ కార్డును బల్లకింద చూసుకుని, ఏదో అప్పుడే గుర్తొచ్చినట్టు "ఏమండీ, మీకెప్పుడైనా రైల్లో చెప్పులు మారిపోయాయా?" అంటాడు. అతిథి ఉలిక్కిపడి "భలే అడిగారే!" అంటాడు. ఆ కూపీ లాగే పనే ఆరాలమ్మది.

ఇంకో రహస్యం కూడా ఉంది. ఈ రాత్రి కార్యక్రమం పట్టపగలు, భోజనాలయ్యాక తీస్తారు. యాంకరు వెనక పెద్ద కిటికీ, కిటికీ అవతల పదో అంతస్తునుంచి కనిపించే నగరం దీపాలు, ఆకాశంలో చందమామ. నగరం గుడ్డమీద వేసిన బొమ్మ. చందమామ పళ్లెమంత రేకు, దాని వెనక బల్బు. దాన్ని వెలిగించి ఆర్పేది సామాను బాబాయి. సెట్టు మీదికి ఏ వస్తువు కావాలన్నా తెచ్చిపెట్టేది ఆయనే.

కార్యక్రమానికి సర్వాధికారి ప్రొడ్యూసరు మేడమ్. ఆవిడ ఆరాలమ్మను పిలిచి ఒక్కటే మాట చెప్పింది. "మౌనస్వామి వస్తున్నాడు. ఆయన చేత మాట్లాడించావా, నువ్వు పర్మనెంటు. లేదా, ఇంటికెళ్లి ఇరుగుపొరుగుల్ని ఆరా తీసుకో."

మౌనస్వామి అంటే సన్యాసి కాదు, చదరంగంలో ప్రపంచ విజేత. కప్పు గెలిచిన రోజు విలేకరులంతా మైకులు మూతికి ఆనించి తలో ప్రశ్నా వేస్తే, ఆయన చాలాసేపు ఆలోచించి "అవును" అన్నాడు. అది ఏ ప్రశ్నకు జవాబో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. అప్పటినుంచి పత్రికలవాళ్లు ఆయనకు ఆ పేరు పెట్టేశారు. అలాంటి మనిషి, చదరంగం సంఘంవాళ్లు పోటీల దగ్గర పట్టుకుని బతిమాలగా బతిమాలగా, కార్యక్రమానికి రావడానికి ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాడంటే, తల ఊపాడు.

ఆరాలమ్మ ఆ రోజే ఫోన్ చేసింది. ఎవరో పెద్దాయన తీశాడు.

"చాంపియన్ గారి ఇల్లేనాండీ? ఆయనతో మాట్లాడాలి."

"మాట్లాడాలా? ఉండమ్మా, పిలుస్తా."

కాసేపటికి ఇంకో గొంతు వచ్చింది. "చెప్పండి, చెప్పండి!"

"నమస్తే సార్. మీ గురించి కొన్ని విషయాలు అడుగుదామని..."

అవతల గొంతు ఒక్కసారిగా మెత్తబడింది. "నా గురించా?"

"మీ గురించే సార్."

"నా గురించి ఇంతవరకూ ఎవరూ ఏమీ అడగలేదమ్మా," అంది ఆ గొంతు. ఆ తర్వాత కట్ట తెగింది.

ఆరాలమ్మ చెవి ఎర్రబడింది, ఫోన్ వేడెక్కింది, కార్డులు నిండిపోయాయి. మీకు దేనికి భయం సార్ అంటే, "బాతంటే అమ్మా! పులి ఎదురైనా నిలబడతాను, బాతు మెడ ఇలా చాచిందా, ఇక నేను మనిషిని కాదు," అన్నాడు. పాటలు పాడతారా అంటే, స్నానాలగదిలో గొంతెత్తితే ఎదురింటివాళ్లు కిటికీలు మూసుకుంటారన్నాడు. నిద్ర సంగతి అడిగితే, పరుపుల దుకాణంలో అద్దాల వెనక పరుపుమీద పడుకుంటాననీ, తన గురక విని దారినపోయేవాళ్లు లోపలికొచ్చి అవే పరుపులు కొనుక్కుపోయారనీ చెప్పాడు. ప్రపంచ విజేతలకు ఇలాంటి పిచ్చి ఒకటి ఉండటం సహజమే అనుకుంది ఆరాలమ్మ. చదరంగం గురించి కదిపి చూసింది.

"దాని గురించి చెప్పడానికేముందమ్మా, ఇంట్లో పొద్దస్తమానం అదే గోల. నాకైతే అందులో గుర్రం ఒక్కటే నచ్చుతుంది."

'ఎంత వినయం!' అని రాసుకుంది.

చివర్లో ఆయన గొంతు తగ్గించాడు. "ఇది మాత్రం ఎవరితోనూ అనొద్దు సుమా. మా మామగారికి ప్రాణంతో సమానమైన వాలుకుర్చీ ఒకటుండేది. ఓ రోజు నేను కూర్చుంటే విరిగింది. జిగురుతో అతికించి ఏమీ ఎరగనట్టు ఊరుకున్నా. తర్వాత ఆయన కూర్చున్నారు, పడ్డారు." టీవీవాళ్లకు గుట్టు చెప్పడమూ, జల్లెడలో నీళ్లు పట్టడమూ ఒకటే. ఆరాలమ్మ ఆ కార్డు కింద ఎర్రగీత గీసింది.

కార్డులు చదివి మేడమ్ కుర్చీలోంచి లేచి నిలబడింది. ఆ సాయంత్రంనుంచే చానల్లో ప్రకటనలు మోగాయి: 'మౌనస్వామి నోరు విప్పితే!' బాతును తెప్పించమని సామాను బాబాయికి చెప్పారు. మామగారిని ముందు వరసలో కూర్చోబెడితే ఇంకా రంజుగా ఉంటుందని ఆయనకూ ఆహ్వానం పంపారు. రికార్డింగు చూడటానికి చానల్ పెద్దలే స్వయంగా వస్తామన్నారు. ఆరాలమ్మకు కాళ్లు నేలమీద ఆనలేదు.

ఇదంతా జరిగిన వారానికి వచ్చింది ఆ పొద్దున్న.

అతిథుల గది వైపు వెళ్తుంటే, ఫోన్లో విన్న ఆ గొంతే వసారా పొడుగునా మోగుతోంది. ఆరాలమ్మ సంబరంగా తలుపు తోసింది. అద్దం ముందు ఇద్దరు కూర్చుని ఉన్నారు. ఒకాయన పేపర్లలో చూసిన మనిషే, సన్నగా, పొడుగ్గా, చేతులు మోకాళ్లమీద పెట్టుకుని. రెండో ఆయన బొద్దుగా, పూలపూల చొక్కాలో, మేకప్ చేసే ఆవిడకు మెడనొప్పికి ఎలాంటి పరుపు మంచిదో వివరిస్తున్నాడు.

"సార్, బాతు సంగతి చెప్పడం మర్చిపోకండి," అంది ఆరాలమ్మ, సన్నగా ఉన్నాయన వైపు తిరిగి.

"ఎలా మర్చిపోతానమ్మా!" అన్నాడు బొద్దుగా ఉన్నాయన.

ఆరాలమ్మ ఆయన్ని చూసింది. ఈయన్ని చూసింది. గోడకు ఆనుకుంది.

జరిగిందేమిటంటే, ఆ ఇంట్లో ఇద్దరు అల్లుళ్లు. పైవాటా పెద్దల్లుడిది, ఆయనే చాంపియన్. కిందివాటా చిన్నల్లుడిది, ఆయనకు పరుపుల దుకాణం. ఆ ఇంటికొక పద్ధతి ఉంది. ఎవరు ఫోన్ చేసి మాట్లాడాలన్నా, ఎవరితో అన్నది పట్టించుకోకుండా, చిన్నల్లుణ్ని పిలవడమే. పెద్దల్లుడి తరఫున బడివాళ్లతో, కరెంటువాళ్లతో, ఆఖరికి చదరంగం సంఘంవాళ్లతో కూడా మాట్లాడేది ఆయనే. పెద్దల్లుడికి ఫోన్ ఇవ్వడమంటే గోడకు ఇచ్చినట్టేనని మామగారి లెక్క. లోకంలో అందరినీ అన్నీ అడిగే ఆరాలమ్మ, ఆ రోజు ఫోన్లో 'ఎవరండీ మాట్లాడేది?' అన్న ఒక్క ముక్కా అడగలేదు.

ఆ ఉదయం చానల్ కారు వస్తే ఇద్దరు అల్లుళ్లూ, మామగారూ కలిసే ఎక్కారు. చానల్ ప్రకటనలు ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు గనక, తను అన్నయ్యా అని పిలిచే పెద్దల్లుడు తనకు తోడుగా వస్తున్నాడని చిన్నల్లుడు మురిసిపోయాడు. పెద్దల్లుడు ఏమనుకున్నాడో ఎవరికీ తెలియదు.

ఆరాలమ్మ చిన్నల్లుణ్ని బయటికి పిలిచి, నీళ్లు నములుతూ సంగతి చెప్పింది. ఆయన ముఖంలో నవ్వు వెంటనే పోలేదు. కాసేపు అలాగే ఉండి, తర్వాత మెల్లగా ఆరిపోయింది.

"అంటే, మీరు అడిగింది నన్ను కాదన్నమాట."

"కాదండీ."

"అనుకున్నాను. అంతంత తీరిగ్గా అడుగుతుంటేనే నాకు అనుమానం రావాల్సింది." చొక్కా కాలరు సవరించుకున్నాడు. "మా వీధిలో అందరికీ చెప్పేశానమ్మా. దుకాణం కూడా మూసొచ్చా."

ఆరాలమ్మకు ఉద్యోగం పోతుందన్న భయంకంటే ఈ బాధ ఎక్కువగా ఉంది. "అడిగింది ఆయన్ననుకునే గానీ, సార్, విన్నది మిమ్మల్నే. ఒట్టు. అంత బాగా నాతో ఎవరూ మాట్లాడలేదు," అంది. ఆయన తలూపాడు. ఎప్పుడూ మాట్లాడే మనిషి తలూపి ఊరుకుంటే చూడటం కష్టం.

ఇక మేడమ్‌కు చెప్పెయ్యాలని పరిగెత్తింది. మేడమ్ చానల్ పెద్దల మధ్య నిలబడి, ఆరాలమ్మ భుజంమీద చెయ్యేసి, "ఈ పిల్లేనండీ, మౌనస్వామి చేత ఫోన్లో గంటలకొద్దీ మాట్లాడించింది!" అని పరిచయం చేసింది. వాళ్లు చప్పట్లు కొట్టారు. చప్పట్లు కొడుతున్నవాళ్ల ముఖంమీద నిజం చెప్పడానికి చాలా గుండె నిబ్బరం కావాలి. ఆరాలమ్మకు అది ఆ క్షణంలో దొరకలేదు.

పోనీ యాంకరుకు చెప్పి ప్రశ్నలైనా మార్పిద్దామని వెళ్లింది. ఆయన గది తలుపుకు 'పలకరించరాదు' అన్న బోర్డు వేలాడుతోంది. రికార్డింగుకు ముందు ఆయన కార్డులు బట్టీపట్టి, చెవుల్లో దూది పెట్టుకుని, కళ్లు మూసుకుని కూర్చుంటాడు. ఆ సమయంలో దూది దాటి చెవిన పడింది ఏదైనా సరే ఆయన నోట్లోంచి ప్రశ్నై బయటికొస్తుంది. వెనకటికెవరో "సార్, మీ చెప్పు తెగింది" అంటే, ఆ రోజు అతిథిగా వచ్చిన శాస్త్రవేత్తను మొట్టమొదట "మీ చెప్పు ఎప్పుడు తెగిందండీ?" అని అడిగాడట.

మిగిలింది సామాను బాబాయి.

"బాబాయ్, బాతు వద్దు. పంపించెయ్."

"ఇప్పుడా? వచ్చేసిందమ్మా. వద్దంటే బాతు ఊరుకుంటుందేమో గానీ, మేడమ్ ఊరుకోదు."

"పోనీ ఆ పూల చొక్కా సార్ కంటపడకుండా ఎక్కడన్నా దాచిపెట్టు. ఆయనకు బాతంటే చచ్చే భయం."

"ఎవరి కంటా పడని చోటు నాకు తెలుసుగా," అన్నాడు బాబాయి.

చిన్నల్లుడు ఇంటికి వెళ్లనన్నాడు. "ఎలాగూ వచ్చాను. అన్నయ్య ఎలా మాట్లాడతాడో ఓ మూలనుంచి చూస్తా," అన్నాడు. జాలేసి, ఎవరి కంటా పడని చోటు వెతికి, ఆరాలమ్మ ఆయన్ని సెట్టు వెనక, చందమామ పక్కన, చీకట్లో ఒక పెట్టెమీద కూర్చోబెట్టి వచ్చింది. ఆ పక్కనే గుడ్డ కప్పిన గంప ఒకటుంది. దాని గురించి ఆరా తీయాలని ఆమెకు తోచలేదు.

రికార్డింగు మొదలైంది. ప్రేక్షకులు నేర్పించినట్టే రాత్రివేళ వచ్చినవాళ్లలా ఆవలిస్తూ చప్పట్లు కొట్టారు. మౌనస్వామి వచ్చి సోఫాలో కూర్చున్నాడు. యాంకరు బల్లకింద ఒక చూపు చూసి, చెయ్యి గాల్లో తిప్పి, "స్వామీ, ఉన్నట్టుండి గుర్తొచ్చింది. మీకు బాతులంటే భయమట కదా?" అన్నాడు. అడుగుతూనే నవ్వడం మొదలుపెట్టాడు. ఎదుటివాళ్లు జవాబు చెప్పకముందే నవ్వేయడం ఆయన అలవాటు.

మౌనస్వామి ఆలోచించాడు. పైకప్పు వైపు చూశాడు, యాంకరు కుడిచేతిని చూశాడు, బల్లమీద నీళ్లగ్లాసును చూశాడు. ఏ జవాబు చెబితే ఏ ప్రశ్న వస్తుందో, దానికి ఏం చెబితే ఇంకేం వస్తుందో అన్నీ వేసి చూసుకుంటున్నట్టుంది. యాంకరు నవ్వు అయిపోయింది. మళ్లీ కొత్తగా నవ్వు మొదలుపెట్టాడు. అదీ అయిపోయింది. కెమెరా మనిషి కెమెరా ఆగిపోయిందేమోనని తట్టి చూశాడు. కెమెరా పక్కన నిలబడ్డ ఆరాలమ్మకు తన ఉద్యోగం మెట్లు దిగి వెళ్లిపోతున్నట్టు అనిపించింది.

"నాకు కాదు," అన్నాడాయన చివరికి. "మా తోడల్లుడికి."

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు.

"ఓహో, మీ తోడల్లుడికి!" యాంకరుకు ప్రాణం లేచొచ్చింది. "మరి పరుపుల దుకాణంలో, అద్దాల వెనక, గురకపెట్టి నిద్రపోయింది?"

"మా తోడల్లుడు."

"స్నానాలగదిలో పాడితే ఎదురింటివాళ్లు కిటికీలు మూసుకున్నది?"

"అదీ ఆయనే."

హాలంతా గొల్లుమంది. తను చేసిన తింగరి పనులన్నీ 'నా స్నేహితుడొకడున్నాడు' అంటూ మొదలుపెట్టేవాడు ప్రతి కుటుంబంలోనూ ఒకడుంటాడు. మౌనస్వామికి ఆ అమాయకపు స్నేహితుడి పేరు తోడల్లుడని అందరూ నిశ్చయించుకున్నారు. ఆయన మాత్రం ప్రేక్షకుల వైపు తిరిగి, నిజంగానే తెలుసుకోవాలని, "ఎందుకు నవ్వుతున్నారు?" అని అడిగాడు. నవ్వు రెట్టింపైంది. పెద్దలు కూర్చున్న అద్దాల గదిలోంచి మేడమ్ ఆరాలమ్మ వైపు బొటనవేలు పైకెత్తి చూపించింది. ఆరాలమ్మ ముఖం తిప్పుకుంది.

యాంకరు ఇక ఆగలేక ఎర్రగీత కార్డుకు వచ్చాడు. "అయితే, మామగారి వాలుకుర్చీ విరగ్గొట్టి, జిగురుతో అతికించి, ఏమీ ఎరగనట్టు ఊరుకున్నది కూడా..."

"మా తోడల్లుడే."

"ఏంటీ?" ముందు వరసలోంచి ఒక పెద్దాయన లేచి నిలబడ్డాడు. మైకు లేకపోయినా ఆ గొంతు గోడలకు తగిలింది. "అల్లుడు గారూ, ఆ కుర్చీ విరగ్గొట్టింది మీరు కాదా?"

"కాదు మామయ్యగారూ."

"రోజూ అందులో కూర్చుని చదరంగం బల్ల ముందేసుకునేది మీరే కదాని, మీరేననుకున్నానే! అప్పట్నుంచే కదా నేను మీతో సరిగ్గా మాట్లాడటం మానేసింది. ఒక్కమాట చెప్పొచ్చుగా?"

"మీరు అడగలేదు," అన్నాడు మౌనస్వామి. మళ్లీ తనే, "మీకు మాటలంటే ఇష్టం ఉండదనుకున్నాను," అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. మామగారు కూర్చోవాలో నిలబడాలో తెలియక, తన కుర్చీ చెయ్యి పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఆరాలమ్మ కళ్లు తుడుచుకుంది. ఒకే ఇంట్లో ఇన్నేళ్లుగా ఒకరినొకరు ఏమీ అడక్కుండా ఎలా ఉండగలిగారా అని ఆమెకు చెప్పలేనంత ఆశ్చర్యం వేసింది.

చందమామ వెనక కూర్చున్న చిన్నల్లుడి గుట్టు రట్టయింది, అదీ మామగారి ఎదుట. మెల్లగా జారుకుందామని లేచి, చీకట్లో వెనక్కి ఒక అడుగు వేశాడు. కాలు గంపకు తగిలింది. గుడ్డ కిందనుంచి పొడుగాటి మెడ ఒకటి పైకి లేచి, "బాక్" అంది.

తర్వాత కెమెరాలో పడింది ఇదీ. పదో అంతస్తు కిటికీలోంచి, నగరం దీపాలను చించుకుంటూ, పూల చొక్కా వేసుకున్న భారీ మనిషి ఒకాయన గావుకేక పెడుతూ లోపలికి దూకాడు. ఆయనతోపాటే చందమామ ఊడి కిందపడి, దొర్లుకుంటూ ముందు వరస దాకా వెళ్లి ఆగింది. ఆయన సోఫా దాటి, యాంకరును దాటి, బల్లెక్కి నిలబడ్డాడు. చిరిగిన నగరంలోంచి బాతు నింపాదిగా నడిచొచ్చింది.

"వచ్చారు," అన్నాడు మౌనస్వామి. "ఈయనే."

ఆ నవ్వు ఎప్పటికి ఆగిందో చెప్పడం కష్టం. కడుపులు పట్టుకున్నవాళ్లు, పక్కవాళ్లను పట్టుకున్నవాళ్లు, కెమెరాను పట్టుకున్న కెమెరా మనిషి. మౌనస్వామి లేచి బాతును ఎత్తి ఒడిలో పెట్టుకుని, దాని తలమీద చెయ్యి వేశాడు. అది కళ్లు మూసుకుంది.

"తమ్ముడూ, నీకు బాతంటే భయమని నాకు తెలుసు. ఎందుకో తెలీదు. ఎందుకు?" అన్నాడు.

బల్లమీదినుంచే చిన్నల్లుడు రొప్పుతూ చెప్పాడు. "చిన్నప్పుడు సెలవులకు మా అత్తయ్య వాళ్లింటికెళ్లా, అన్నయ్యా. గేటు దగ్గర ఒక బాతు కాపలా. సెలవులన్నాళ్లూ నన్ను బయటికి పోనివ్వలేదు."

"మరి ఏం చేశావ్?"

"ఏం చేస్తా? గోడమీదెక్కి కూర్చుని దారినపోయే వాళ్లందరితోనూ మాట్లాడేవాణ్ని."

"అలా అలవాటైందా నీకు మాట్లాడటం?"

చిన్నల్లుడు బల్లమీదే చతికిలబడ్డాడు. "అవునేమో అన్నయ్యా. ఇంతవరకూ నాకే తట్టలేదు."

"గోడ దిగాక కూడా ఎందుకు మానలేదు?"

యాంకరు కలగజేసుకోబోయాడు. మౌనస్వామి వేలు ఎత్తి ఆపి, ఈసారి ఆయన వైపు తిరిగాడు. "మిమ్మల్నీ ఒకటి అడగాలి. జవాబు రాకముందే మీరు ఎందుకు నవ్వుతారు?"

యాంకరు బల్లకింద చూశాడు. దానికి కార్డు లేదు. "భయం సార్. ఎవరూ నవ్వరేమోనని," అన్నాడు. ఇన్నేళ్ల కార్యక్రమంలో ఆయన బట్టీపట్టకుండా చెప్పిన మొదటి మాట అదే. ఆ తర్వాత ఇక ఎవరూ ఆపలేకపోయారు. మౌనస్వామి అడగడం, వాళ్లు చెప్పడం. మామగారినీ పైకి పిలిచి, ఆ కుర్చీ అంటే ఎందుకంత ఇష్టమో అడిగాడు. ఆయన చెబుతూ చెబుతూ చిన్నల్లుడి భుజంమీద ఒకటి వేశాడు, గట్టిగా కాదు.

రికార్డింగు అయ్యాక మేడమ్ పిలిపించింది. ఆరాలమ్మ ఇక దాచలేక అంతా చెప్పేసింది. "తప్పు నాదే మేడమ్. ఫోన్లో ఎవరని అడగలేదు. వాళ్లిద్దరూ వేరువేరని నాకు ఇవాళ పొద్దున్నే తెలిసింది. నన్ను తీసేసినా నేనేం అనను."

మేడమ్ లేచి వెళ్లి తలుపు మూసింది. "ఇది నాకు చెప్పావు, సరే. ఇంకెవరికీ చెప్పకు. ఇంత పకడ్బందీగా ఈ నాటకం అల్లింది ఎవరని పెద్దలు అడిగారు. మా అమ్మాయేనని చెప్పేశాను."

"కానీ అది పొరపాటు మేడమ్!"

"తెలుసు. నువ్వు పర్మనెంటు. వాళ్లకు వారానికొకటి అలాంటిది కావాలట. వచ్చే వారం సముద్రం ఈదినాయన వస్తున్నాడు, ఇప్పట్నుంచే ఆలోచించుకో."

ఆరాలమ్మకు సంతోషపడాలో ఏడవాలో తెలియలేదు. బయటికొచ్చేసరికి వాకిట్లో చానల్ కారు బయల్దేరుతోంది. వెనక సీట్లో మామగారూ, చిన్నల్లుడూ, మధ్యలో మౌనస్వామి. ఆయన ఏదో అడుగుతున్నాడు, ఇద్దరూ ఒకేసారి జవాబు చెబుతున్నారు. చిన్నల్లుడు అద్దం దించి ఆమెకు చెయ్యి ఊపాడు. అప్పుడు మాత్రం ఆమెకు హాయిగా అనిపించింది.

ఇంటికి చేరగానే వాళ్లమ్మ ఎదురొచ్చింది. "ఏమైంది? ఖాయమైందా?"

"అయిందమ్మా."

"ఏం చెయ్యాలట ఇకమీద?"

"వారానికో పొరపాటు చెయ్యాలట," అంది ఆరాలమ్మ, తలుపు దగ్గరే కూలబడి.

"దానికి జీతం కూడా ఇస్తారా?" అని ఆశ్చర్యపోయింది వాళ్లమ్మ, ఇన్నేళ్లూ ఇంట్లో కూతురి చేత అవి జీతం లేకుండానే చేయించుకున్నందుకు లోలోపల కాస్త నొచ్చుకుంటూ.